ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ అకాడమీల పోటీ: మైదానంలో, ఆకాశంలో – తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా వచ్చిన కొత్తలో డిసెంబరు చలిలో ఒక శనివారం టీవీ పెడితే, వేలమంది కుర్రాళ్లు బూడిదరంగు ఓవర్‌కోట్లలో అడుగులో అడుగు వేసుకుంటూ మైదానంలోకి వస్తున్నారు. ఆట ఇంకా మొదలే కాలేదు, నేను మాత్రం కుర్చీలోంచి లేవలేదు. ఆనాటి నుంచి ఆర్మీ, నేవీ అకాడమీల మధ్య జరిగే ఈ ఫుట్‌బాల్ ఆట ఒక్క ఏడు కూడా వదల్లేదు. చుట్టుపక్కల తెలుగువాళ్లు, ఊళ్లో ఉన్న మేనల్లుళ్లు, ఆఫీసు మిత్రులు అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒక చోట చేర్చాను.

ఏ అకాడమీలు? ఎక్కడున్నాయి?

ముఖ్యంగా మూడు. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున వెస్ట్ పాయింట్, అంటే ఆర్మీ అకాడమీ. 1802లో పెట్టారు. మేరీలాండ్‌లోని అన్నాపోలిస్‌లో నేవల్ అకాడమీ, 1845 నాటిది. కొలరాడో స్ప్రింగ్స్ పక్కన కొండల అంచున ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. ఇది 1954లో పుట్టింది, మిగతా రెంటికీ మనవరాలి వయసుది. చదువు నాలుగేళ్లు, ఫీజు లేదు, పైగా నెలనెలా కొంత జీతం ఇస్తారు. బయటికి వచ్చాక కనీసం ఐదేళ్లు యూనిఫాంలో పనిచేయాలి. వెస్ట్ పాయింట్‌లో, ఎయిర్‌ఫోర్స్‌లో విద్యార్థిని క్యాడెట్ అంటారు. అన్నాపోలిస్‌లో మాత్రం మిడ్‌షిప్‌మన్ అనాలి. అక్కడ క్యాడెట్ అని పిలిస్తే ఊరుకోరు.

ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాలేనా?

కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. జట్టుకు 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. ఈ ఒక్క లెక్క తెలిస్తే మిగతాదంతా చూస్తూ చూస్తూ వచ్చేస్తుంది.

ఈ పోటీ ఎప్పుడు మొదలైంది?

1890 నవంబరు 29న వెస్ట్ పాయింట్ మైదానంలో. అన్నాపోలిస్ వాళ్లకు అప్పటికే ఆట బాగా వచ్చు. వెస్ట్ పాయింట్‌లో డెనిస్ మికీ అనే క్యాడెట్ జట్టును దాదాపు ఒంటిచేత్తో కూడగట్టాడు. నేవీ 24–0తో గెలిచింది. మరుసటి ఏడు ఆర్మీ అన్నాపోలిస్ వెళ్లి బాకీ తీర్చుకుంది. మికీ 1898లో క్యూబా యుద్ధంలో చనిపోయాడు. ఇవాళ ఆర్మీ జట్టు ఆడే స్టేడియానికి ఆయన పేరే.

1893 ఆట తర్వాత వేడి ముదిరింది. ఒక అడ్మిరల్, ఒక జనరల్ ద్వంద్వ యుద్ధం దాకా వెళ్లారని చెప్పుకుంటారు. ఆ కథ సంగతెలా ఉన్నా, 1894 నుంచి 1898 వరకు ఈ రెండు జట్లూ ఒకదానితో ఒకటి ఆడలేదన్నది నిజం.

ఫుట్‌బాల్‌కూ విమానాలకూ ఏమిటి సంబంధం? రెంటినీ కలిపి ఎందుకు చెబుతారు?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. నాకు చెప్పడం ఇష్టమైనదీ ఇదే.

ఆ 1893 ఆటలోనే మొదలుపెడదాం. నేవీ జట్టులో జోసెఫ్ మేసన్ రీవ్స్ అనే కుర్రాడు ఉన్నాడు. అప్పట్లో తలకు ఏ రక్షణా లేకుండా ఆడేవాళ్లు. తలకు ఇంకొక దెబ్బ తగిలితే పిచ్చెక్కవచ్చు, ప్రాణమే పోవచ్చు అని నేవీ డాక్టర్ అతన్ని హెచ్చరించాడు. అయినా ఆట మానుకోలేదు. అన్నాపోలిస్‌లో చెప్పులు కుట్టే ఒకాయన దగ్గరికి వెళ్లి, తలకు సరిపోయేలా ఒక టోపీ కుట్టించుకున్నాడు. ఫుట్‌బాల్‌లో హెల్మెట్ చరిత్ర రాసేవాళ్లు చాలామంది ఆ టోపీ దగ్గరే మొదలుపెడతారు.

ఆ కుర్రాడే ముప్పై ఏళ్ల తర్వాత అమెరికా విమానవాహక నౌకలకు దారి చూపాడు. 1925లో యుద్ధనౌకాదళపు విమానాలన్నీ రీవ్స్ చేతికి వచ్చాయి. వయసు యాభై దాటింది. ఆ వయసులో విమానంలో పరిశీలకుడిగా శిక్షణ తీసుకుని అర్హత సంపాదించాడు. లాంగ్లీ అనే చిన్న నౌక మీద విమానాలు ఎంత వేగంగా లేవాలి, ఎంత వేగంగా దిగాలి, డెక్ మీద ఏ రంగు చొక్కా వాళ్లు ఏ పని చేయాలి, ఇదంతా పట్టుబట్టి సాధన చేయించాడు. 1929 జనవరిలో జరిగిన నౌకాదళ విన్యాసాల్లో సరటోగా నౌకను మిగతా దండు నుంచి విడదీసి, తెల్లవారేసరికి దాని విమానాలతో పనామా కాలువ మీద మాదిరి దాడి చేయించాడు. విమానవాహక నౌక ఒంటరిగా వెళ్లి దెబ్బ కొట్టగలదని అమెరికా నేవీ పెద్దలు అప్పుడు కళ్లారా చూశారు.

అలాగని అందరూ నమ్మారా? లేదు. 1941 నవంబరు 29న ఆర్మీ–నేవీ ఆట జరిగింది. ఆ రోజు ప్రేక్షకులకు అమ్మిన లావుపాటి ప్రోగ్రాం పుస్తకంలో అరిజోనా యుద్ధనౌక ఫొటో వేశారు. విమానాల గురించి ఎవరెంత గొప్పలు చెప్పినా, బాంబుల వల్ల మునిగిన యుద్ధనౌక ఇప్పటిదాకా ఒక్కటీ లేదు అనే అర్థం వచ్చేలా కింద ఒక వాక్యం రాశారు. సరిగ్గా ఎనిమిది రోజులకు, డిసెంబరు 7న, పెర్ల్ హార్బర్‌లో జపాన్ విమానాల బాంబుకు ఆ అరిజోనాయే మునిగింది. 1,177 మంది చనిపోయారు. ఆ పేజీ నకలు మొదటిసారి చూసినప్పుడు నాకు చాలాసేపు మాట రాలేదు. ఆట చూడడానికి వచ్చిన కుర్రాళ్లలో ఎంతమంది ఆ పుస్తకాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్లి ఉంటారు!

విమానం గొప్పదా, ఓడ గొప్పదా అని అప్పటికి ఇరవై ఏళ్లుగా నడుస్తున్న తగువు అది. 1921లో ఆర్మీకి చెందిన బిల్లీ మిచెల్ పట్టుబట్టి, జర్మనీ నుంచి స్వాధీనమైన ఆస్ట్‌ఫ్రీస్‌లాండ్ యుద్ధనౌకను బాంబులతో ముంచి చూపించాడు. లంగరు వేసి కదలకుండా ఉన్న ఓడను ముంచడం ఏం గొప్ప అని నేవీ వాళ్లు కొట్టిపారేశారు. అంతకంతకూ నోరు పెంచిన మిచెల్‌ను 1925లో కోర్టు మార్షల్ చేశారు. స్టేడియంలో ఎదురెదురుగా కూర్చుని కేకలు వేసుకున్న రెండు వర్గాలే కార్యాలయాల్లో కూడా ఎదురెదురుగా కూర్చున్నాయి. అందుకే రెండు పోటీలనూ విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

మరి ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పుట్టకముందు పైలట్లు ఎక్కడి నుంచి వచ్చేవారు?

ఈ రెండు చోట్ల నుంచే, ఇంకా బయటి కాలేజీల నుంచీ. 1908 సెప్టెంబరు 17న ఆర్విల్ రైట్ నడుపుతున్న విమానం కూలి, పక్కన కూర్చున్న థామస్ సెల్ఫ్‌రిడ్జ్ చనిపోయాడు. ఇంజను విమాన ప్రమాదంలో పోయిన మొట్టమొదటి మనిషి ఆయనే. వెస్ట్ పాయింట్‌లో చదివినవాడు. 1907లో అక్కడే పట్టా పుచ్చుకున్న హ్యాప్ ఆర్నాల్డ్, 1911లో డేటన్‌లో రైట్ సోదరుల బడిలో విమానం నేర్చుకుని, రెండో ప్రపంచ యుద్ధంలో ఆర్మీ వైమానిక దళాలన్నిటికీ అధిపతి అయ్యాడు. అదే 1911లో అన్నాపోలిస్ పూర్వ విద్యార్థి థియొడోర్ ఎల్లిసన్, విమానాలు తయారుచేసే గ్లెన్ కర్టిస్ దగ్గర నేర్చుకుని నేవీ ఒకటో నంబరు పైలట్ అయ్యాడు. ఒకరికి రైట్ సోదరులు గురువులు, ఇంకొకరికి వాళ్లతో కోర్టులో కొట్లాడుతున్న కర్టిస్ గురువు. పోటీ అక్కడా తప్పలేదు.

1947 సెప్టెంబరులో ఎయిర్‌ఫోర్స్ విడిగా ఏర్పడింది కానీ దానికి సొంత అకాడమీ లేదు. అందుకని వెస్ట్ పాయింట్, అన్నాపోలిస్ పట్టభద్రుల్లో నాలుగో వంతు దాకా ఎయిర్‌ఫోర్స్‌లో చేరవచ్చని ఒప్పందం చేసుకున్నారు. చంద్రుడి దాకా వెళ్లినవాళ్ల జాబితా చూస్తే ఆ ఒప్పందం ఫలం తెలుస్తుంది. అపోలో 11లో ఆల్డ్రిన్, కాలిన్స్ ఇద్దరూ వెస్ట్ పాయింట్ వాళ్లు, ఇద్దరూ ఎయిర్‌ఫోర్స్ పైలట్లు. 1968లో తొలిసారి చంద్రుడి చుట్టూ తిరిగివచ్చిన అపోలో 8లో బోర్మన్‌ది వెస్ట్ పాయింట్, లవెల్‌ది అన్నాపోలిస్. మూడో మనిషి ఆండర్స్ అన్నాపోలిస్‌లో చదివి ఎయిర్‌ఫోర్స్‌లో చేరినవాడు. ముగ్గురూ క్రిస్మస్ పూట చిన్న గూట్లో కూర్చుని చంద్రుణ్ణి చుట్టొచ్చారు.

ట్రోఫీ సంగతేమిటి?

కమాండర్ ఇన్ చీఫ్ ట్రోఫీ అంటారు. అంటే దేశాధ్యక్షుడి పేరు మీద ఇచ్చేది. 1972లో మొదలైంది. మూడు జట్లూ ఒకదానితో ఒకటి ఆడాలి, రెండు ఆటలూ గెలిచినవాళ్లకు ట్రోఫీ. తలా ఒకటి గెలిస్తే పాతవాళ్ల దగ్గరే ఉండిపోతుంది. మూడు ముఖాల ట్రోఫీ అది, 170 పౌండ్ల బరువు. ఇద్దరు ముగ్గురు గట్టివాళ్లు పట్టుకుంటే గానీ లేవదు.

ఇంతకీ ఎవరిది పైచేయి?

ఆర్మీ–నేవీ ఒక్కదాన్నే చూస్తే, 2024 వరకు 125 ఆటల్లో నేవీ 63, ఆర్మీ 55 గెలిచాయి, 7 సమమయ్యాయి. 2002 నుంచి 2015 దాకా వరసగా 14 సార్లు నేవీయే గెలిచింది. 2016లో ఆర్మీ 21–17తో ఆ వరసకు తెరదించిన రోజు బూడిదరంగు కోట్లన్నీ మైదానంలోకి దూకాయి. ట్రోఫీ లెక్కలో మాత్రం అందరికన్నా చిన్నదైన ఎయిర్‌ఫోర్స్‌ది పైచేయి, ఇరవైకి పైగా గెలిచింది. 1984 నుంచి 2006 వరకు ఫిషర్ డిబెరీ కోచ్‌గా ఉన్న రోజులే దానికి పునాది.

వీళ్లు బంతి విసరకుండా ఎప్పుడూ పరిగెత్తుతూనే ఉంటారెందుకు?

మంచి ప్రశ్న. పెద్ద యూనివర్సిటీల జట్లలో 140, 150 కిలోల మనుషులు ఉంటారు. ఇక్కడ అది కుదరదు. సైన్యానికి బరువు కొలతలున్నాయి, పట్టా చేతికొచ్చేసరికి ఆ కొలతలకు దిగాలి. బరువులో గెలవలేనివాళ్లు తెలివిగా గెలవాలి. అందుకే ట్రిపుల్ ఆప్షన్ అనే పద్ధతి పట్టుకున్నారు. బంతి అందుకున్న క్వార్టర్‌బ్యాక్, అంటే ఆటను నడిపించేవాడు, ఎదుటి జట్టులో ఒక మనిషిని కావాలనే ఎవరూ అడ్డుకోకుండా వదిలేయిస్తాడు. ఆ మనిషి లోపలికి వస్తే బంతి బయటికి, బయటికి పోతే లోపలికి. రెప్పపాటులో తేల్చుకోవాలి. చూసేవాళ్లకు ఒకే పరుగు పదిసార్లు ఆడినట్టుంటుంది, దగ్గరగా చూస్తే ప్రతిసారీ వేరు. ఈ మధ్య నిబంధనలు మారి కాళ్ల దగ్గర అడ్డుకోవడం కష్టమైంది, పద్ధతులూ కొంత మారుతున్నాయి. నాకైతే పాత పద్ధతే ఇష్టం.

ఆటగాళ్లు నిజంగా పైలట్లు అవుతారా?

అవుతారు. ముగ్గురి గురించి చెబుతాను.

డాక్ బ్లాంచర్డ్ 1945లో ఆర్మీ తరఫున ఆడి, కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్ద బహుమతి అయిన హైస్‌మన్ గెలుచుకున్నాడు. తర్వాత ఎయిర్‌ఫోర్స్‌లో ఫైటర్ పైలట్ అయ్యాడు. 1959లో ఇంగ్లండ్ మీద ఎగురుతుండగా ఆయన విమానానికి మంటలు అంటుకున్నాయి. దూకేయవచ్చు, పారాచూట్ ఉంది. కింద ఊరుంది, విమానం దానిమీద పడుతుందేమో అని దూకలేదు. మండుతున్న విమానాన్నే తెచ్చి రన్‌వే మీద దించాడు. వియత్నాం యుద్ధంలోనూ ఎగిరాడు.

చాడ్ హెన్నింగ్స్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ వాడు. 1987లో దేశంలోనే మేటి లైన్‌మన్‌గా, అంటే ముందు వరస ఆటగాడిగా, అవుట్‌లాండ్ ట్రోఫీ గెలిచాడు. ప్రొఫెషనల్ జట్టు డల్లాస్ కౌబాయ్స్ అతన్ని ఎంచుకున్నా, ముందు సర్వీసు. ఆరున్నర అడుగుల మనిషి ఏ–10 విమానం ఇరుకు కాక్‌పిట్‌లో కూర్చుని, గల్ఫ్ యుద్ధం తర్వాత ఉత్తర ఇరాక్‌లో కుర్దులకు కాపలాగా ఎగిరాడు. ఆ తర్వాతే డల్లాస్ వెళ్లి మూడు సూపర్ బౌల్‌లు, అంటే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఫైనళ్లు, గెలిచాడు.

మూడో ఆయనకు ఆకాశం రాసిపెట్టి లేదు. 1963లో హైస్‌మన్ గెలిచిన నేవీ క్వార్టర్‌బ్యాక్ రోజర్ స్టాబాక్‌కు రంగులు సరిగా కనబడవు. దానివల్ల సరఫరా విభాగంలో అధికారి అయి వియత్నాం వెళ్లాడు. సర్వీసు పూర్తయ్యాక 27 ఏళ్ల వయసులో డల్లాస్ జట్టులో చేరాడు. ఆ వయసుకు చాలామంది ఆటగాళ్లు రిటైరయ్యే ఆలోచనలో ఉంటారు.

ఆటకు ముందు జాతీయగీతం ముగిసే క్షణానికే విమానాలు సరిగ్గా తల మీదికి ఎలా వస్తాయి?

దీన్ని ఫ్లైఓవర్ అంటారు, మన ఊళ్లలో వంతెనను పిలిచే పేరే. స్టేడియంలో ఒక పైలట్ రేడియో పట్టుకుని నిలబడతాడు. విమానాలు కొన్ని మైళ్ల దూరంలో గుండ్రంగా తిరుగుతుంటాయి. గాయకులు పాటకు ఎన్ని సెకన్లు తీసుకుంటారో ముందే రిహార్సల్‌లో లెక్కపెట్టి ఉంటారు. పాట మొదలవగానే కింది మనిషి చెబుతాడు, పైవాళ్లు దూరాన్ని కాలంతో భాగించుకుని బయల్దేరతారు. గాయకుడు చివరి పంక్తిని సాగదీస్తే వేగం తగ్గించాలి, తొందరపడితే పెంచాలి. నిమిషానికి ఐదారు మైళ్లు పోయే విమానంలో రెండు మూడు సెకన్ల తేడా కూడా కింద జనానికి తెలిసిపోతుంది. అనుకున్న చోటికి అనుకున్న సెకనుకు చేరడం వాళ్ల ఉద్యోగంలో అసలు పని, అందుకే దీన్ని శిక్షణ కిందే లెక్కేస్తారు.

ఆర్మీ హెలికాప్టర్లు వస్తే వేరే అనుభవం. అపాచీలు, చినూక్‌లు వస్తుంటే చెవికన్నా ముందు ఛాతీకి తెలుస్తుంది. ఆర్మీకి ఎక్కువగా హెలికాప్టర్లే ఎందుకంటే, 1948లో కీ వెస్ట్‌లో ఏ దళం ఏం నడపాలో పంచుకున్నారు. యుద్ధ విమానాలు ఎయిర్‌ఫోర్స్‌కు పోయాయి, నేవీ తన విమానాలు తాను నిలబెట్టుకుంది. విన్యాస జట్లలోనూ ఇదే పోటీ: నేవీకి 1946 నుంచి బ్లూ ఏంజెల్స్, ఎయిర్‌ఫోర్స్‌కు 1953 నుంచి థండర్‌బర్డ్స్.

మేకను ఎత్తుకుపోవడం అనే మాట విన్నాను. నిజమా?

నిజమే. నేవీకి బిల్ అనే మేక, ఆర్మీకి కంచరగాడిద, ఎయిర్‌ఫోర్స్‌కు డేగ. ఆటకు ముందు ఎదుటివాళ్ల జంతువును ఎత్తుకుపోవడం పాత అలవాటు. 1953లో ఆర్మీ క్యాడెట్లు మేకను ఎత్తుకెళ్లారు. 1991లో మిడ్‌షిప్‌మన్‌లు కంచరగాడిదలను తీసుకెళ్లారు. తర్వాత వద్దని ఒప్పందాలు చేసుకున్నా అల్లరి పూర్తిగా ఆగలేదు.

2018లో ఎయిర్‌ఫోర్స్ వాళ్ల అరోరా అనే తెల్ల డేగ అలాంటి అల్లరిలోనే గాయపడింది. అప్పటికే ఇరవై ఏళ్లు దాటిన ముసలి పక్షి. కోలుకుంది కానీ మరుసటి ఏడాది చనిపోయింది. ఈ పోటీని ఎంత ప్రేమించినా, నోరులేని జీవాన్ని దీంట్లోకి లాగడం నాకు ఇప్పటికీ నచ్చదు.

కొలరాడో మైదానం ప్రత్యేకత ఏమిటి?

ఎత్తు. ఫాల్కన్ స్టేడియం సముద్ర మట్టానికి 6,621 అడుగుల మీద ఉంది. బయటి జట్లకు రెండో సగానికల్లా ఊపిరి అందదు. విరామంలో డేగను గాల్లోకి వదులుతారు. శిక్షకుడైన క్యాడెట్ తాడుకు కట్టిన ఎరను తిప్పుతుంటే అది పైనుంచి బాణంలా దిగుతుంది. ఒక్కోసారి గాలి బాగుంటే అలాగే కొండల వైపు వెళ్లిపోతుంది కూడా. ఈ అకాడమీలో పిల్లలు గ్లైడర్లు నడుపుతారు, పై తరగతివాళ్లే కింది తరగతివాళ్లకు నేర్పుతారు. పారాచూట్ కోర్సులో మొదటిసారే ఒంటరిగా, ఇంకొకరితో కలిపి కట్టించుకోకుండా దూకాలి, తాడు తామే లాగాలి.

మన తెలుగు పిల్లలు వీటిలో చేరవచ్చా?

అమెరికా పౌరసత్వం ఉండాలి. మార్కులతో పాటు దేహదారుఢ్య పరీక్ష ఉంటుంది. సాధారణంగా మీ ప్రాంతపు కాంగ్రెస్ సభ్యుడో సెనేటరో నామినేట్ చేయాలి. పన్నెండో తరగతికి ముందు వేసవిలోనే ఆ పని మొదలుపెట్టాలి, చాలామంది తల్లిదండ్రులు అక్కడే ఆలస్యం చేస్తారు.

రాజా చారి పేరు వినే ఉంటారు. తండ్రి హైదరాబాద్ నుంచి చదువుకోసం అమెరికా వచ్చినవారు. రాజా 1999లో ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి పట్టా తీసుకుని, ఫైటర్ పైలట్ అయి, టెస్ట్ పైలట్ శిక్షణ మాత్రం నేవీ స్కూల్లో పొందారు. 2021 నవంబరులో క్రూ–3 కమాండర్‌గా అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు.

మన దేశంలో ఇలాంటి పోటీ ఎందుకు లేదు?

మనవాళ్లు మూడు దళాల పిల్లల్నీ ముందు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఒకే కప్పు కింద పెంచుతారు. మూడేళ్లు కలిసి తిన్నాక డెహ్రాడూన్‌కో, ఎళిమలకో, మన హైదరాబాద్ పక్కన దుండిగల్‌కో విడిపోతారు. పోటీ అంతా ఖడక్‌వాస్లాలో స్క్వాడ్రన్‌కూ స్క్వాడ్రన్‌కూ మధ్య నడుస్తుంది. ఏది మేలంటే చెప్పలేను, రెంటిలోనూ మంచి ఉంది.

ఆట అయిపోయాక రెండు జట్లూ కలిసి పాట పాడతాయట?

పాడతాయి. ముందు ఓడినవాళ్ల అకాడమీ గీతం, తర్వాత గెలిచినవాళ్లది. ఏడాది పొడుగునా వీళ్ల నోట ఉండే కోరిక ఒక్కటే, రెండోసారి పాడాలి అని.

2022లో ఫిలడెల్ఫియాకు మా బావమరిదితో కలిసి వెళ్లాను. ఆ ఏడు నేవీ జట్టు తమ అకాడమీలో చదివిన వ్యోమగాముల గౌరవార్థం అంతరిక్షయాత్రికుల తరహా దుస్తుల్లో వచ్చింది. ఈ పోటీ చరిత్రలో ఓవర్‌టైమ్‌కు వెళ్లిన మొదటి ఆట అదే. రెండో ఓవర్‌టైమ్‌లో గోల్ గీతకు చేతికందే దూరంలో నేవీ బంతి జారవిడిచింది, ఆర్మీ ఫీల్డ్ గోల్ కొట్టి, అంటే బంతిని రెండు కంబాల మధ్య నుంచి తన్ని, 20–17తో గెలిచింది. అంతసేపూ పక్కవాడి మాట వినబడనంత గోల. నేవీ గీతం మొదలుకాగానే స్టేడియం అంతా సద్దుమణిగింది. గెలిచిన ఆర్మీ కుర్రాళ్లు హెల్మెట్లు చంకన పెట్టుకుని, ఓడినవాళ్ల పక్కనే, వాళ్ల వైపు జనానికి ఎదురుగా నిటారుగా నిలబడ్డారు. మా ముందు వరసలో నేవీ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన పెదాలు కదుపుతున్నాడు, గొంతు రావడం లేదు. మా బావమరిదికి ఆట నియమాలు ఒక్కటీ తెలియవు. ఆయన కూడా టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

పాత ఆటల్లో ఒక్కటే చూడాలంటే ఏది చూడమంటారు?

చరిత్ర కావాలంటే 1963. కెనెడీ హత్య తర్వాత వాయిదా పడి డిసెంబరు 7న జరిగింది, నేవీ 21–15తో గెలిచింది. టీవీలో జరిగిన ఘట్టాన్ని వెంటనే మళ్లీ చూపించడం ఆ రోజే మొదలైంది.

కంటికి పండుగ కావాలంటే 2017. ఫిలడెల్ఫియాలో మంచు కురుస్తోంది. మంచు కొండల్లో పోరాడే పదో మౌంటెన్ డివిజన్‌కు గుర్తుగా ఆర్మీ తెల్ల దుస్తుల్లో, బ్లూ ఏంజెల్స్ నీలం పసుపు రంగుల్లో నేవీ. తెల్ల దుస్తులవాళ్లు మంచులో కలిసిపోతుంటే నీలం చొక్కాలు మాత్రమే కదులుతున్నట్టుంటుంది. ఆర్మీ 14–13తో ముందుంది. ఆఖరి క్షణాల్లో నేవీ 48 గజాల నుంచి ఫీల్డ్ గోల్‌కు సిద్ధమైంది. తన్నేవాడి కోసం తోటివాళ్లు కాళ్లతో, చేతులతో మంచు పక్కకు తోసి ఒక పచ్చని చోటు చేశారు. బంతి లేచింది, దూరం సరిపోయింది, ఎడమ కంబానికి కొద్దిగా బయటినుంచి పోయింది. తర్వాత రెండు జట్లూ ఆ మంచులోనే నిలబడ్డాయి. నేవీ గీతం ముందు పాడారు.